దేవమణక్క సహాయ కేంద్రం

దేవమణక్కకి వినబడదన్న సంగతి పదమూడేళ్లపాటు నాకు తెలీదు. నేను నర్సుని. డబ్లిన్‌లో బోమాంట్ ఆసుపత్రిలో పని. మనిషి నడక చూసి ఏ మోకాలు అరిగిందో చెప్పేస్తానని నాకు వార్డులో పేరు. అలాంటిదాన్ని, ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చునే మనిషికి రెండు చెవులూ సరిగ్గా పనిచెయ్యవని మాత్రం కనిపెట్టలేకపోయాను.

ఆమెది బాపట్ల పక్క. ఇరవై నాలుగేళ్ల వయసులో టీబీ వస్తే నెలల తరబడి ఇంజెక్షన్లు చేశారట. టీబీ పోయింది, దానితోపాటు వినికిడి కూడా కొంచెం కొంచెంగా పోవడం మొదలైంది. 2007లో రెండేళ్ల కూతురు జెమీమాని ఎత్తుకుని, భర్త జోజి గారితో కలిసి ఐర్లండు వచ్చేసరికి సగం పోయింది. మిగతా సగంలో చాలావరకు ఇక్కడికొచ్చాక పోయింది. ఎవరికైనా చెబితే ఉద్యోగం ఇవ్వరని భయం. అందుకని చెప్పలేదు. ఒకసారి చెప్పకపోతే ఇక ఎప్పుడు చెప్పాలో తెలీదు కదా, అలా ఏళ్లు గడిచిపోయాయి. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకోవడం తనంతట తనే నేర్చుకుంది.

ఆమె కేరర్‌గా పనిచేసేది ఒక నర్సింగ్ హోమ్‌లో. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ మటుకు అది ముసలివాళ్లు ఉండే చోటు, వాళ్ల పనులన్నీ చూసేవాళ్లు కేరర్లు. అక్కడ ఎవరైనా గదిలో గంట నొక్కితే తలుపు పైన దీపం వెలుగుతుంది. అందరికీ గంట వినబడేది, విని విని అలవాటైపోయి తాపీగా లేచేవాళ్లు. దేవమణక్కకి గంట వినబడదు కాబట్టి కన్నంతా దీపం మీదే. అందరికంటే ముందు ఆమే చేరేది. ముసలివాళ్లు ఏదైనా చెబుతుంటే వంగి, వాళ్ల మొహంలో మొహం పెట్టి చూసేది. మోరీన్ అని ఎనభై తొమ్మిదేళ్ల ఆవిడ ఒకసారి మేనేజరుతో, "నా కడుపున పుట్టిన నలుగురూ నా మాట ఇంత శ్రద్ధగా వినలేదు" అందట. ఆ ఏడాది ఆ హోమ్‌లో 'బాగా వినే కేరర్' అని సర్టిఫికెట్ ఇచ్చారు. అది ఇప్పటికీ వాళ్లింట్లో గోడకి ఉంది.

జోజి గారు వ్యాను మీద పార్సిళ్లు వేస్తారు. నలుగురం కలిసినప్పుడల్లా ఆయనదొకటే జోకు. "మా ఆవిడ నా మాట అస్సలు వినదండీ." మేమంతా నవ్వేవాళ్లం. పెళ్లయిన ప్రతి మగాడూ అనే మాటే కదా అనుకున్నాం.

ఇక కన్వెన్షన్ సంగతి. ఐర్లండులో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ ఏటా అక్టోబరు చివర సోమవారంతో కలిసొచ్చే బ్యాంక్ హాలిడే సెలవులకి, పడమటి వైపు షానన్ దగ్గర ఒక పెద్ద హోటల్లో మూడు రోజులు కలుస్తాం. వెయ్యి మందికి తగ్గరు. కమిటీ సెక్రటరీ రామ్మోహన్ గారు. లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరు. మంచి మనిషే, కాకపోతే ప్రార్థనకి కూడా స్లయిడ్లు చేస్తారు. 2019 ఆగస్టులో హోటల్ వాళ్లు ఒక ఫారం పంపారు. అందులో ఒక గడి: వికలాంగులు, వృద్ధులు వస్తే వాళ్ల ఏర్పాట్లు చూసే మనిషి పేరు. ఖాళీగా వదిలితే హాలు ఇవ్వరు.

ఆ గడి నింపడానికి కమిటీ మీటింగు ఒక చర్చి కింది అంతస్తులో జరిగింది. మాట్లాడితే నాలుగు గోడలూ తిరిగి మాట్లాడే గది. రామ్మోహన్ గారు మా వైపు వీపు పెట్టి, బోర్డు మీద రాసుకుంటూ అడిగారు. "యాక్సెస్ సర్వీసెస్‌కి ఎవరుంటారు? దేవమణి సిస్టర్, కేరర్ కదా, మీకు అలవాటే. మీరుంటారా?"

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె అందరి మొహాలూ చూసి చక్కగా నవ్వింది. "అట్టాగేనండి" అంది. చప్పట్లు కొట్టాం.

కారులో ఇంటికొస్తుంటే నన్ను అడిగింది. "హెలెన్, ఇందాక నేను దేనికి ఒప్పుకున్నానే?"

నేను జోకనుకుని పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. టీ కౌంటరు అనుకున్నానని తర్వాత చెప్పింది.

ఒప్పుకున్నాక మాత్రం ఆ పనిని ఆమె చేసినట్టు ఎవరూ చేసి ఉండరు. టేపు పట్టుకుని షానన్ వెళ్లింది. స్టేజీకి వీల్‌చెయిర్ ఎక్కే ర్యాంపు ఉందని హోటల్ వాళ్లు చెప్పారు. ఉంది, నిజమే. దాని తలుపు ముందు రెండొందల కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆ కుర్చీలు తీయించింది. పాటల పుస్తకాలు పెద్ద అక్షరాల్లో వేయించింది. ముందు వరసలో కాళ్లు చాపుకునేలా చోటు పెట్టించింది. చివరికి కమిటీ ముందు ఒక కోరిక పెట్టింది. స్టేజీ మీద మాట్లాడేదంతా తెర మీద తెలుగులో రాసి చూపించాలి.

"మనవాళ్లలో చెవిటివాళ్లు ఎవరున్నారు సిస్టర్?" అన్నారు రామ్మోహన్ గారు. ఈసారి ఎదురుగా కూర్చుని అన్నారు కాబట్టి ఆమెకి అందింది. "ఒక్కరు కూడా ఫారం పెట్టలేదు."

"వినబడనోళ్లు ఫారం పెట్టరండీ" అంది దేవమణక్క. "నవ్వి ఊరుకుంటారు."

 ఆ ఏడాది కుదరదని, వచ్చే ఏడాది తప్పకుండా చూద్దామని తీర్మానం రాశారు.

వచ్చే ఏడాది అంటే 2020.

మార్చిలో అన్నీ మూసేశారు. ఏప్రిల్లో హోమ్‌లో పనిచేసేవాళ్లందరూ మాస్కులు కట్టుకోవాలన్నారు. అప్పటిదాకా దేవమణక్క ప్రపంచమంతా పెదాల మీద నడిచింది. ఒక్క సోమవారం పొద్దున ఆ పెదాలన్నీ మాయమయ్యాయి. మిగిలినవి కళ్లు, కనుబొమలు, చేతులు. అదృష్టం ఏమిటంటే ముసలివాళ్లకి మాస్కులు లేవు. వాళ్లతో పని ఎప్పటిలాగే సాగింది. ఆ వసంతంలో ఆ హోమ్‌లో పదకొండు మంది పోయారు. వాళ్ల కన్నపిల్లల్ని కూడా లోపలికి రానివ్వలేదు. చివరి గంటల్లో వాళ్ల పక్కన కూర్చుంది ఈమే. మోరీన్ కూడా ఆ పదకొండు మందిలో ఉంది. ఆవిడ గొంతు పూర్తిగా పోయాక, పెదాలు మాత్రం కదులుతుంటే, ఆ గదిలో ఉన్న నలుగురిలో ఆవిడ ఏమంటోందో తెలిసింది దేవమణక్క ఒక్కదానికే. ఫోనులో అవతల ఉన్న కూతురికి ఒక్కొక్క మాటా అందించింది. ఏమందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తోటి కేరర్లతో, మేనేజరుతో మాత్రం కష్టమైంది. దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఐర్లండులో 'గ్రాండ్' అని ఒక మాట ఉంది. బాగుంది, సరే, పర్లేదు, అలాగే, వద్దులే, అన్నిటికీ అదే. ఎవరేం అడిగినా దేవమణక్క కళ్లతో నవ్వి "గ్రాండ్" అనేది. నూటికి తొంభైసార్లు సరిపోయేది. మిగతా పదిసార్లు ఆమె మీద పనులు పడేవి. ఆ ఏడాది క్రిస్మస్ రోజు, కొత్త సంవత్సరం రోజు, రెండూ డ్యూటీకి ఒప్పుకుందని రోస్టరు చూశాక తెలిసింది. కొత్తగా చేరినవాళ్లకి మాస్కు ఎలా కట్టుకోవాలో నేర్పే ట్రైనరుగా కూడా ఒప్పుకుందట. నేర్పింది. ఎప్పుడూ కాదనని మనిషి అని ఆమెకి ఇంకో సర్టిఫికెట్ వచ్చింది.

అక్టోబరు కన్వెన్షన్ జూమ్‌లో పెట్టారు. ఆన్‌లైన్ కాబట్టి ర్యాంపుల గొడవ లేదు, యాక్సెస్ విభాగం ఈసారి అక్కర్లేదని కమిటీ అనుకుంది. దేవమణక్క వదల్లేదు. మాట్లాడే ప్రతివాళ్లూ కెమెరా ఆన్ చెయ్యాలి, మొహం మీద వెలుతురు పడాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు అని మూడు నియమాలు పంపింది. నాలుగోది తెర మీద రాత. అది నా మెడకి చుట్టుకుంది. నర్సింగ్‌లో చేరకముందు గుడివాడలో మా బాబాయి డీటీపీ సెంటర్లో శుభలేఖలు టైపు చేసేదాన్నని ఎప్పుడో నోరు జారాను. మాట వెంట మాట టైపు చెయ్యడం నా వల్ల కాదు, ముప్పాతిక వంతు అందుకున్నాను. అయినా అందరికీ తెగ నచ్చేసింది. వంటింట్లో కూర కలుపుతూ చదువుకున్నామన్నారు, పిల్లలు అరుస్తున్నా చదువుకున్నామన్నారు. యాక్సెస్ విభాగానికి మూడొందల మెసేజీలు వచ్చాయి. అందులో చెవులు వినబడనివాళ్లు ఎవరూ ఉన్నట్టు లేరు.

రెండో రోజు ఇండియా నుంచి ఒక పెద్ద ప్రసంగీకులు మాట్లాడారు. అంతకుముందు నాలుగైదుసార్లు మా కన్వెన్షన్‌కి స్వయంగా వచ్చినాయన. ఆయన మాట్లాడుతుంటే దేవమణక్క ఎప్పుడూ ఏడ్చేది. ఆ రోజు నేను టైపు చేస్తుండగానే ఆమె దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది.

"హెలెన్, నువ్వు సరిగ్గానే కొడతన్నావా?"

"ఆయనన్నదే కొడుతున్నాను అక్కా."

"ఇరవై నిమిషాల నుంచీ పోయినసారి ఆయన విమానం ఎట్టా లేటయిందో చెప్తన్నాడు."

"ఎప్పుడూ అంతే కదక్కా. తర్వాత అబ్బాయి పెళ్లి విషయం చెప్తారు."

ఇంకో మెసేజీ కాసేపటి తర్వాత వచ్చింది. "మరి ఇన్నేళ్లూ నన్ను ఏడిపించిన ప్రసంగం ఎవరు చేశారే?"

అప్పుడు కూడా నాకు బోధపడలేదు. ఆమెకి హాస్యం ఎక్కువైందనుకున్నాను.

2021 అక్టోబరుకి హాళ్లు మళ్లీ తెరిచారు. మాస్కులు మాత్రం తప్పనిసరి. షానన్ హోటల్లోనే కన్వెన్షన్. ఈసారి ఎనిమిది వందల మందే. దేవమణక్క నెల ముందే రెండు డజన్ల మాస్కులు తెప్పించింది, పెదాల దగ్గర గాజులాంటి ప్లాస్టిక్ ఉండేవి. స్టేజీ మీద మాట్లాడేవాళ్లు ఇవే పెట్టుకోవాలని కమిటీకి రాసింది. వాటిని పెట్టుకుంటే ఆవిరి పడుతోందని, ఫొటోల్లో బాగుండదని అట్టపెట్టె అలాగే స్టోరు రూములో పెట్టారు.

మొదటి రోజు పొద్దున ప్రవేశద్వారం పక్కన ఆమెకి ఒక బల్ల వేశారు. వెనక పెద్ద బ్యానరు: సహాయ కేంద్రం. నేను లోపల ల్యాప్‌టాప్ సర్దుకుంటున్నాను. ఈలోపు బయట ఏం జరిగిందో తర్వాత తలా ఒక ముక్క చెప్పారు. కార్క్ నుంచి వచ్చినాయన టాయిలెట్ ఎక్కడని అడిగితే దేవమణక్క పెద్ద అక్షరాల పాటల పుస్తకం ఇచ్చింది. ఆయన తీసుకుని దండం పెట్టి వెళ్లాడు. ఒక పెద్దావిడ పాటల పుస్తకం అడిగితే వీల్‌చెయిర్ తెప్పించింది. ఆవిడ మర్యాదకి కాదనలేక ఎక్కి కూర్చుంది, ఆ మూడు రోజులూ దిగలేదు, హాయిగా ఉందట. ఎవరో ఏదో గట్టిగా అడిగితే "గ్రాండ్" అందట. ఆయన అడిగింది, నా పేరు లిస్టులో ఎందుకు లేదని.

కేబుల్ ఒకటి బల్ల కింద మర్చిపోయి నేను బయటికి వచ్చేసరికి బల్ల ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. బూడిద రంగు కోటు, మెడలో మఫ్లరు, డెబ్బై దాటిన వయసు. పేరు బాలశౌరి. షానన్‌లోనే ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు మిషన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆయన గట్టిగా ఏదో అడుగుతున్నాడు. దేవమణక్క ముందుకి వంగి, "ఏందండీ?" అంటోంది. ఆయన తన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అంటున్నాడు. ఈమె మళ్లీ "ఏందండీ?" ఆయన మళ్లీ "ఆఁ?" ఇలా నాలుగైదుసార్లు జరిగింది. వెనక లైనులో ఉన్నవాళ్లు ఓపిగ్గా నిలబడ్డారు. సహాయ కేంద్రం కదా, టైము పడుతుంది అనుకున్నారు కాబోలు.

చివరికి బాలశౌరి గారు జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీదున్న ప్రోగ్రాము కాగితం వెనక రాశారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

"నాకు వినబడదు. మాస్కుల వల్ల పెదాలు కూడా కనబడవు. ఇక్కడ సహాయం చేస్తారన్నారు."

దేవమణక్క ఆ రెండు లైన్లూ రెండుసార్లు చదివింది.  తర్వాత పెన్ను అందుకుని కింద రాసింది.

"నాకూ వినబడదు."

ఆయన చదివాడు. తల ఎత్తి బ్యానరు చూశాడు. మళ్లీ ఆమెని చూశాడు. రాశాడు.

"మరి మీరు ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"2019లో ఎవరో అడిగితే సరే అన్నాను. ఏమి అడిగారో వినబడలేదు."

బాలశౌరి గారు నవ్విన నవ్వుకి మాస్కు జారి గడ్డం కిందకి వచ్చింది. హాల్లో ఉన్నవాళ్లు కూడా తొంగిచూశారు. దేవమణక్క నవ్వుతూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నేను ఆమె భుజం మీదుగా ఆ కాగితం చదివాను. నాకు ఒకటొకటిగా అన్నీ గుర్తొచ్చాయి. కారులో అడిగిన ప్రశ్న, ప్రసంగం రోజు వాట్సాప్, నేను పక్కనుంచి పిలిస్తే పలక్కపోవడం, దాన్ని ఆమె భక్తిగా నేను లెక్కేసుకోవడం. పదమూడేళ్లు. నర్సునట.

వాళ్లిద్దరూ లేచి అద్దాల తలుపు తోసుకుని బయటికి వెళ్లారు. బయట మాస్కు తీయొచ్చు. సన్నగా వాన పడుతోంది. రెండు గజాల ఎడంతో ఎదురెదురుగా నిలబడి మాస్కులు తీసి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పెదాలు చదివే ఇద్దరికి గొంతుతో పనేముంది? ఒక్క శబ్దం లేదు. పెదాలు మాత్రం గబగబా కదులుతున్నాయి, మధ్యమధ్య చేతులు ఊగుతున్నాయి. లోపలి నుంచి చూసేవాళ్లకి వానలో ఇద్దరు మనుషులు నిశ్శబ్దంగా పోట్లాడుకుంటున్నట్టుంది. ఎవరో వెళ్లి రామ్మోహన్ గారిని పిలుచుకొచ్చారు.

ఆమె లోపలికి వచ్చాక ఆయన మాస్కు వెనక నుంచి ఏదో అన్నారు.

"మాస్కు తీసి చెప్పండి" అంది దేవమణక్క.

ఆయన తల అడ్డంగా ఊపి, గోడ మీదున్న రూల్సు కాగితం చూపించారు.

"అయితే రాయండి. నాకు వినబడదు."

రామ్మోహన్ గారు నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆయన ఫోను తీసి టైపు చేసి చూపించారు. 'ఈ సంగతి మీరు ముందే చెప్పాల్సింది సిస్టర్.'

"మీరు అడిగింది వినబడుంటే చెప్పేదాన్నండీ."

ఆయన మళ్లీ టైపు చేశారు. 'సహాయం చేసేవాళ్లకే సహాయం కావాలంటే ఎలా?'

దేవమణక్క బల్ల వెనక కూర్చుని, సొరుగులోంచి సహాయం కోరేవాళ్లు నింపే ఫారం ఒకటి తీసింది. ఆ ఫారం ఆమె తయారుచేసిందే. పేరు: దేవమణి. ఇబ్బంది: వినబడదు. కావలసింది: నాతో మాట్లాడేవాళ్లందరూ పెదాలు కనబడే మాస్కు పెట్టుకోవాలి. కింద దరఖాస్తుదారు సంతకం చేసింది. దాని పక్కన స్వీకరించినవారు అనే చోట కూడా తనే సంతకం చేసింది. మూడోది, మంజూరు చేసినవారు. అక్కడ కూడా. రెండేళ్లలో ఆ విభాగంలో ఇంత త్వరగా మంజూరైన దరఖాస్తు ఇంకొకటి లేదు. స్టోరు రూము తాళం నా చేతికిచ్చింది. నేను వెళ్లి అట్టపెట్టె తెచ్చాను. మొదటి మాస్కు రామ్మోహన్ గారికే ఇచ్చింది.

ఆయన పెట్టుకున్నారు. రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి, పొగమంచులో ఎవరో నోరు కదుపుతున్నట్టయింది. బాలశౌరి గారు కిచెన్‌లోకి వెళ్లి గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క తెచ్చి, ప్లాస్టిక్‌కి లోపలి వైపు రాసి తుడిచి ఇచ్చారు. అప్పుడు బాగా కనబడింది. ఫ్యాక్టరీలో కళ్లద్దాలకి అలా చేసేవాళ్లట.

మిగతా రెండున్నర రోజులూ బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. ముందు ఒక కాగితం అంటించారు: 'మాకు వినబడదు. మాస్కు మార్చుకోండి, లేదా రాయండి.' చిత్రం ఏమిటంటే, ఆ కాగితం పెట్టాక జనం నిజంగా రావడం మొదలుపెట్టారు. లిమరిక్‌లో నర్సుగా చేసే ఒకావిడ ఎడమ చెవి పోయి ఆరేళ్లయిందని రాసింది. ఒక కోయిర్ గాయకుడు వచ్చాడు. సోమవారానికి పద్నాలుగు ఫారాలు. ఒక్కరు కూడా లేరన్న చోట.

సోమవారం మధ్యాహ్నం ముగింపు సభ. తెర మీద మూడు రోజుల ఫొటోలు వేస్తామని నా ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు, కాబట్టి రాత లేదు. రామ్మోహన్ గారు కృతజ్ఞతలు చెబుతూ చెబుతూ యాక్సెస్ విభాగం దగ్గర ఆగారు. "వినికిడి లోపం ఉన్న సోదరి చేతిలోనే ఈ బాధ్యత పెట్టాలని మన కమిటీ 2019లోనే ముందుచూపుతో నిర్ణయించింది" అన్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో దేవమణక్క, బాలశౌరి గారు చుట్టూ చూసి, అందరూ కొడుతున్నారు కదా అని వాళ్లూ గట్టిగా చప్పట్లు కొట్టారు.

తర్వాత నేను వెళ్లి మీరు మీకే కొట్టుకున్నారని రాసి చూపించాను.

"తెలుసులే" అంది. "మాస్కు బాగానే తుడుచుకున్నాడు, సగం అందింది. మిగతా సగం ఎప్పట్లాగే మంచిగా ఊహించుకున్నా."

"అబద్ధం కదక్కా అది!"

"అయితే ఏమయిందే? ఇప్పుడందరి ముందూ అనేశాడుగా. వచ్చే ఏడాది తెర మీద రాత ఎత్తేస్తామంటే ఎట్టా ఎత్తేస్తాడో చూద్దాం."

ఆమెని తీసుకెళ్లడానికి వచ్చిన జోజి గారిని పార్కింగులో పక్కకి పిలిచి అడిగాను. "బావగారూ, మీకు కూడా తెలీదా?"

ఆయన వ్యాను తలుపు తెరిచి సామాను సర్దుతూ చెప్పారు. "తెలవకేం హెలెనమ్మా. ఆమె చెప్పుకోవటం ఇష్టంలేక దాచుకుంది. నేను బయటపెట్టటం బాగోదు గదా. నలుగురిలో ఎవరన్నా పిలిస్తే పలకదు. అప్పుడు 'నా మాటే వినదండీ' అంటే మీరంతా నవ్వి వదిలేస్తారు. అందుకని అట్టా అనేవాణ్ణి." తలుపు మూసి, "ఇంక కొత్త జోకేదైనా ఎతుక్కోవాల" అన్నారు.

డబ్లిన్ రాగానే నేనే ఆమెని జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వినికిడి పరీక్షకి పేరు రాసుకున్నారు. కోవిడ్ వల్ల లైను పెద్దదయింది, ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది, చెవికి పెట్టుకునే మిషన్లు మేలో వచ్చాయి. మధ్యలో హోమ్ మేనేజరుకి తనే వెళ్లి చెప్పింది. ఉద్యోగం పోతుందని పదిహేనేళ్లు దాచిన మాట అది. ఆ మేనేజరు విని, "ఓ, నాకూ కుడి చెవి అంతే" అని, ఆ రోజే పెదాలు కనబడే మాస్కులు ఆర్డరు పెట్టిందట. నాకీ సంగతి చెబుతూ దేవమణక్క నవ్వలేదు. "పదిహేనేళ్లే" అంది, అంతే.

వినికిడి మిషన్లు పెట్టుకున్న రోజు ఆమెని ఆసుపత్రి నుంచి ఇంటికి నేనే తెచ్చాను. జెమీమా వెనక సీట్లో ఉంది. పదిహేడేళ్లు, మన ఇంటర్ లాంటి లీవింగ్ సర్ట్ పరీక్షలు ఇంకో మూడు వారాల్లో. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. దేవమణక్క సీటు బెల్టు పెట్టుకుంటూ ఒకసారి బెల్టు చప్పుడుకి, ఇంకోసారి ఇండికేటరు టిక్కుటిక్కుకి ఉలిక్కిపడింది.

"వెల్, మా? ఈజ్ ఇట్ ఎనీ గుడ్?" అంది వెనక నుంచి జెమీమా.

దేవమణక్క గిర్రున వెనక్కి తిరిగింది. "ఎవరే అది?"

"ఇట్స్ మీ! హూ ఎల్స్ వుడ్ ఇట్ బీ?"

"ఎందుకే అట్టా మాట్లాడతన్నావు? ఎవర్ని వెక్కిరిస్తన్నావు?"

జెమీమా నా వైపు చూసింది. నాకప్పుడు తట్టింది. పెదాలు చూస్తే మాట తెలుస్తుంది, యాస తెలీదు. కూతురు స్కూల్లో చేరే రోజులకే తల్లి చెవులు మసకబారాయి. ఆ పిల్ల పక్కా డబ్లిన్ పిల్లలా మాట్లాడుతుందని మా అందరికీ తెలుసు. కన్నతల్లికి ఒక్కదానికే తెలీదు. ఆమె మనసులో జెమీమా ఇన్నేళ్లూ బాపట్ల యాసలోనే ఇంగ్లీషు మాట్లాడుతోంది.

"అది మాట్లాడేది ఎప్పుడూ అంతే అక్కా" అన్నాను.

ఆమె బస్సులు, సైకిళ్లు, ఎక్కడో కుక్క, అన్నిటికీ తల తిప్పి చూస్తోంది. తర్వాత అడిగింది. "ఇంకేమన్నా మాట్లాడవే."

"లైక్ వాట్?"

"ఏదైనా."

ఏదైనా మాట్లాడమంటే పదిహేడేళ్ల పిల్ల ఏం మాట్లాడుతుంది? రెండు మాటలు అని ఆగిపోయింది. చివరికి సంచీలోంచి బయాలజీ పుస్తకం తీసి, పరీక్షకి ఎలాగూ చదవాలి కదా అని పైకి చదవడం మొదలుపెట్టింది. కిడ్నీ పాఠం. దేవమణక్క ముందుకి తిరిగి, తల వెనక్కి ఆనించి, కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుని మనిషి మాట వినడం ఆమెకి ఎన్నేళ్ల తర్వాతో నేను అడగలేదు. రక్తాన్ని మూత్రపిండాలు ఎలా వడకడతాయో నాకు తెలిసిందే, అయినా ఇల్లు వచ్చేదాకా రేడియో పెట్టలేదు.